ఇంట్లో రెండు కుంచాలు వద్దు

ఈ పూట మనం నమ్మకం గురించి మాట్లాడుకుందాం. సర్పంచిని, ఎమ్మెల్యేని, కుల పెద్దని, గుడి ధర్మకర్తని, చర్చి కోశాధికారిని మనం ఎలా నమ్మాలి? వాళ్ల మంచిచెడ్డల్ని ఎలా తూచాలి? ఇదీ మన ప్రశ్న. పెద్ద మాటల జోలికి పోకుండా ముందు ఒక కుంచాన్ని తలుచుకుందాం. మన విజయనగరం జిల్లా నెల్లిమర్ల చుట్టుపక్కల పల్లెల్లో, పాత ఇళ్లల్లో అటక మీద ఇప్పటికీ కుంచం కనబడుతుంది. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. కిలోలు రాకముందు ఇరుగూపొరుగూ ధాన్యం అప్పు ఇచ్చుకున్నా, పాలేరుకి జీతం గింజలు కొలిచినా దీంతోనే. అయితే ఒకే కుంచంతో రెండు రకాలుగా కొలవచ్చు. ఇచ్చేటప్పుడు గింజల్ని అంచుకి సమానంగా అరచేత్తో తుడిచేయొచ్చు. పుచ్చుకునేటప్పుడు పైన గోపురంలా కుప్ప పోయించుకోవచ్చు. చూసేవాళ్లకి కుంచం ఒకటే. కానీ ఆ చేతివాటంలో అది రెండు కుంచాలైపోయింది. ఊరి నాయకుల్ని తూచేటప్పుడు మనలో చాలామంది చేస్తున్నది సరిగ్గా ఈ పనే. మనవాడి తప్పుని చేత్తో తుడిచి కొలుస్తాం. పరాయివాడి తప్పుని కుప్ప పోసి కొలుస్తాం.

బైబిల్లో ద్వితీయోపదేశకాండం ఇరవై ఐదో అధ్యాయంలో ఈ కొలతల మీద ఒక కట్టడ ఉంది. సంచిలో బరువుదొకటి, తేలికదొకటి అని రెండు తూనిక రాళ్లు పెట్టుకోవద్దంటుంది. ఇంట్లో పెద్దదొకటి, చిన్నదొకటి అని రెండు కొలపాత్రలు ఉంచుకోవద్దంటుంది. ఒక్క సంగతి గమనించండి. తప్పుడు కొలతతో అమ్మొద్దని చెప్పి ఊరుకోలేదు. అసలు రెండో కొలత ఇంట్లోనే ఉండకూడదంది. ఎందుకంటే ఉంటే ఏదో ఒకరోజు వాడతాం. ఈ కట్టడ అంగడికి ఎంత వర్తిస్తుందో రచ్చబండకీ అంతే వర్తిస్తుంది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలుచుకున్న మాట ఇదొక్కటే. మనవాడికీ పరాయివాడికీ ఒకే కుంచం. దీన్ని పాటిస్తున్నామో లేదో తేల్చుకోవటానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఒక నాయకుడి మీద ఏదైనా వార్త విన్నప్పుడు, ఆ వార్తలో పేరు మార్చి చూడండి. మీకు గిట్టనివాడి పేరు ఉంటే తీసేసి, మీకు ఇష్టమైనవాడి పేరు పెట్టండి. ఇష్టమైనవాడి పేరు ఉంటే గిట్టనివాడి పేరు పెట్టండి. మిగతా వార్త అంతా అదే. పేరు మారగానే మీ తీర్పు మారిందా? అయితే మీ ఇంట్లో రెండు కుంచాలున్నట్టే.

బైబిల్ని దేవుని వాక్యంగా నమ్మే క్రైస్తవుడు మనిషి గురించి రెండు సత్యాల్ని కలిపి పట్టుకుంటాడు. మొదటిది, ప్రతి మనిషీ దేవుని పోలికలో పుట్టినవాడు. అందుకని మనిషిని నమ్మొచ్చు. నమ్మాలి కూడా. రెండోది, ప్రతి మనిషీ పాపంలో పడ్డవాడు. అందుకని ఏ మనిషినీ లెక్క అడగకుండా వదలకూడదు. మొదటి సత్యం మరిచిపోతే అందరినీ అనుమానించి బతుకుతాం. రెండోది మరిచిపోతే మనిషిని దేవుణ్ణి చేసి మొక్కుతాం. ఈ రెండూ కలిస్తే ఎలా ఉంటుందో చూడండి. చర్చిలో ఆదివారం కానుకల సంచి తిరుగుతుంది. ఆరాధన అయ్యాక ఆ డబ్బుని ఒక్కరే కూర్చుని లెక్కపెట్టరు. పద్ధతిగా నడిచే ఏ సంఘంలోనైనా ఇద్దరు కూర్చుంటారు. నోట్లు ఒకవైపు, చిల్లర ఒకవైపు పెట్టి లెక్క తేలుస్తారు. పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెడతారు. ఆ ఇద్దరిలో ఒకరు దొంగ అని కాదు. ఒకరి మంచితనానికి ఇంకొకరు సాక్షిగా ఉండాలని. యెరూషలేములోని పేదల కోసం చందా తీసుకెళ్లినప్పుడు పౌలు చేసిందీ ఇదే. సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని తన వెంట తీసుకెళ్లాడు. అంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తనని వేలెత్తి చూపకూడదనుకున్నాడు. దేవుని ఎదుట నిజాయితీగా ఉంటే చాలనుకోలేదు. మనుషుల ఎదుట కూడా నిజాయితీ కనబడాలన్నాడు. పౌలంతటివాడు లెక్క చూపించటం చిన్నతనం అనుకోలేదు. మరి మన వార్డు సభ్యుడు ఎందుకనుకోవాలి?

లెక్క అడిగితే నమ్మకం చెడిపోతుందని కొందరి భయం. నిజానికి లెక్క అడిగిన చోటే నమ్మకం నిలబడుతుంది. మన పొదుపు సంఘాలే చూడండి. పదిమంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో తీర్మానాల పుస్తకం. ఎవరు ఎంత కట్టారో, ఎవరి అప్పు ఎంత తీరిందో అందరూ వినేట్టు పైకి చదువుతారు. లీడరు మీద అనుమానంతో కాదు. లీడరు రేపు కూడా తల ఎత్తుకు తిరగాలని. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తొలి విడతలోనే మన విజయనగరం జిల్లా కూడా ఉంది. ఆ పథకంలో సామాజిక తనిఖీని దేశంలో అందరికంటే ముందు పెద్ద ఎత్తున చేసి చూపించింది ఆంధ్రప్రదేశే. తనిఖీ అంటే ఏమిటి? హాజరు మస్టరులో ఉన్న పేర్లు నలుగురి ముందు చదవటం. ఫలానా వారం ఫలానా చెరువు పనికి ఒకామె ఆరు రోజులు వచ్చిందని కాగితం చెబుతుంది. ఆమె అక్కడే లేచి నిలబడి, ఆ వారం నేను మంచం మీద ఉన్నాను బాబూ, పనికే రాలేదు అంటుంది. అంతే. వంద ఉపన్యాసాలు చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేస్తుంది. చీకట్లో రాసిన కాగితాన్ని వెలుగులోకి తెచ్చి చదవటం, దాని మీద ఇరుపక్షాల మాటా వినటం. తీర్పు అంటే ఇది.

ఇప్పుడు కొన్ని జరిగిన సంగతులు చూద్దాం. తెలుగువాళ్లందరికీ తెలిసిన సత్యం కంప్యూటర్స్ సంగతి ఒకటి. 2009 జనవరి 7న ఆ కంపెనీ అధిపతి రామలింగరాజు స్వయంగా ఉత్తరం రాశారు. లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. ఆ రోజు వరకు ఆయన పేరు చెబితే తెలుగునాట గౌరవం. ఆ గౌరవం ఊరికే రాలేదు. 2005లో హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలుపెట్టింది ఆయనే. ఆ బండి వల్ల బతికిన ప్రాణాలు ఎన్నో. మరి ఆయన్ని ఎలా తూచాలి? ఒకవైపువాళ్లు, అంత మంచి చేసినాయన, పోనీ వదిలేద్దురూ అన్నారు. ఇంకోవైపువాళ్లు, ఆ మంచి కూడా నటనే అన్నారు. రెండూ తప్పు కొలతలే. 108 బండి మేలు మేలే. తప్పుడు లెక్క తప్పుడు లెక్కే. మేలు వెళ్లి తప్పుడు లెక్కని కడిగెయ్యదు. తప్పుడు లెక్క వెళ్లి మేలుని చెరిపెయ్యదు. ఏ పనికి ఆ పనిని విడిగా కొలవాలి. మనిషి గుండెలో ఏముందో దేవుడికి వదిలెయ్యాలి. గొప్ప పేరు ఎదుట ఉన్నప్పుడు, లెక్క చూడవలసినవాళ్లు లెక్క గట్టిగా చూడలేదు. కుంచం పక్కన పెట్టి పేరుని చూసి సంతకం పెట్టారు. దాని ఫలితం వేలమంది ఉద్యోగుల మీద, మదుపు పెట్టినవాళ్ల మీద పడింది.

రెండో సంగతి అగ్రిగోల్డ్. ఇది మన పల్లెలకి ఇంకా దగ్గరిది. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థలో పలు రాష్ట్రాల్లో కలిపి దాదాపు 32 లక్షల మంది డబ్బు కట్టారు. రోజుకి ఇరవై, ముప్పై కట్టిన కూలీలున్నారు. కూతురి పెళ్లికని దాచినవాళ్లున్నారు. 2014, 15 నాటికి చెల్లింపులు ఆగిపోయాయి. తర్వాత 2019లోనూ 2021లోనూ రాష్ట్ర ప్రభుత్వం చిన్న మొత్తాలు కట్టినవాళ్లకి కొంత తిరిగి ఇచ్చింది. ఇంతమంది ఎందుకు నమ్మారు? సంస్థ లెక్కల పుస్తకం చూసి కాదు. ఇంటికి వచ్చిన ఏజెంటుని చూసి. ఆ ఏజెంటు మన బావమరిది. మన వీధివాడు. మన చర్చివాడు. మన కులంవాడు. అతను మోసగాడు కాకపోవచ్చు. చాలామంది ఏజెంట్లు తామూ కట్టి తామూ మునిగారు. కానీ మనవాడు అన్న ఒక్క మాటతో మనం అడగాల్సిన ప్రశ్న అడగలేదు. ఈ డబ్బు ఎక్కడికి వెళుతోంది? ఎవరు తనిఖీ చేస్తున్నారు? పరాయివాడు వచ్చి అదే పథకం చెబితే గుమ్మంలోనే పది ప్రశ్నలు వేసేవాళ్లం. మనవాడనేసరికి మంచినీళ్లిచ్చి సంతకం పెట్టాం. రెండు కుంచాల వల్ల నష్టం ఎప్పుడూ పరాయివాడికే అనుకుంటాం. చూశారుగా, ఆ నష్టం మన ఇంట్లోనే పడింది.

మూడో సంగతి మన నెల్లిమర్ల మండలంలోనే జరిగింది. చెప్పటానికి బాధగా ఉంటుంది. అయినా చెప్పుకోవాలి. రామతీర్థంలో కొండ మీద ఉన్న కోదండరామస్వామి గుడిలో విగ్రహం తల వేరు చేసి ఉండటం 2020 డిసెంబరు 29న బయటపడింది. అది ఘోరం. దేవుడి విషయంలో క్రైస్తవుడి విశ్వాసం వేరు. ఆ తేడాని దాచిపెట్టనవసరం లేదు. కానీ పొరుగువాడు చేతులు జోడించి నిలబడే చోటు మీద చెయ్యి వెయ్యటం పాపం. పొరుగువాడి ఎద్దునీ గాడిదనీ కూడా ఆశించొద్దని చెప్పిన మోషే ధర్మశాస్త్రాన్ని నమ్మేవాడు, అతని గుడి మీద పడకూడదు. ఆ రోజుల్లో ఇంకో తప్పు కూడా జరిగింది. దర్యాప్తు ఒక కొలిక్కి రాకముందే తీర్పులు వచ్చేశాయి. ఒక పార్టీ ఇంకో పార్టీని దోషి అంది. ఆ పార్టీ తిరిగి ఈ పార్టీని అంది. కొందరైతే ఒక మతాన్నంతటినీ బోనులో నిలబెట్టారు. గుళ్ల మీద దాడుల్ని విచారించటానికి రాష్ట్ర ప్రభుత్వం 2021 జనవరిలో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. కానీ ఫోన్లలో తీర్పు అప్పటికే అయిపోయింది. మోషే ధర్మశాస్త్రం ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ దోషిని చెయ్యొద్దంటుంది. ఇద్దరో ముగ్గురో సాక్షులుండాలంటుంది. వాట్సాప్‌లో ఒక మాట వెయ్యిమంది చేతులు మారి వస్తే వెయ్యిమంది సాక్షులు కాదు. ఒక్క సాక్షే. ఒక్కోసారి ఆ ఒక్క సాక్షి కూడా ఉండడు. ఇక్కడ క్రైస్తవుడు తనకి తాను చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. ఏ ఆధారం లేకుండా నన్ను అనుమానించొద్దని నేను కోరుతున్నాను. సరే. మరి ఎక్కడో చర్చి మీద రాయి పడిందని వినగానే, ఎవరు విసిరారో తెలియకముందే, నేను నా పొరుగింటివాణ్ణి ఏ చూపు చూస్తున్నాను? పేరు మార్చి చూడాలి. ఒకే కుంచం.

తొందరపడి తీర్పు చెప్పటం తప్పన్నాను కదా అని, తీర్పే చెప్పకుండా కూర్చోవటం ఒప్పు కాదు. మన చేతికి చట్టం మంచి కొలతల్నే ఇచ్చింది. 2002లోనూ 2003లోనూ సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పుల వల్ల, పార్లమెంటుకీ శాసనసభకీ జరిగే ఎన్నికల్లో నిలబడే ప్రతి అభ్యర్థీ తన మీద ఉన్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అఫిడవిట్‌లో రాసి ఇవ్వాలి. అది ఎవరైనా చూడొచ్చు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. పంచాయతీకి ఎంత డబ్బు వచ్చింది, ఏ వీధి కాలవకి ఎంత ఖర్చయింది అని ఎవరైనా అడగొచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. కేసు నమోదు కావటం వేరు. కోర్టు అభియోగాలు ఖరారు చెయ్యటం వేరు. నేరం రుజువై శిక్ష పడటం వేరు. ఎంపీకైనా ఎమ్మెల్యేకైనా రెండేళ్లు, అంతకంటే ఎక్కువ శిక్ష పడితే వెంటనే పదవి పోతుందని 2013లో సుప్రీం కోర్టు తేల్చింది. మరి మనం ఏం చేస్తాం? గిట్టనివాడి మీద కేసు పడగానే దొంగ అంటాం. మనవాడికి శిక్ష పడినా కక్ష సాధింపు అంటాం. అలా కాదు. కేసుని కేసుగా, శిక్షని శిక్షగా, ఎవరిదైనా ఒకేలా చూడాలి. గోగునార కట్ట కొనేవాడు పైన మెరుపు చూసి ధర కట్టడు. కట్ట మధ్యలోకి చెయ్యి పోనిచ్చి తడి ఉందేమో చూస్తాడు. తెలిసిన రైతు కట్టైనా అలాగే చూస్తాడు. ఆ చెయ్యి పెట్టి చూడటం అవమానం అని ఏ రైతూ అనుకోడు.

ఇక్కడ కొందరు క్రైస్తవ సోదరులు ఒక అభ్యంతరం చెబుతారు. ప్రభువే తీర్పు తీర్చవద్దన్నాడు కదా, మనకెందుకీ గొడవ అంటారు. ఆ మాట నిజమే. మత్తయి సువార్త ఏడో అధ్యాయంలో ఉంది. కానీ ఆ మాటతో ఆపెయ్యకుండా కిందికి చదవాలి. నీ కంట్లో దూలం పెట్టుకుని ఎదుటివాడి కంట్లో నలుసు వెతక్కు అన్నాడు. మరి నలుసుని అక్కడే ఉండనివ్వమన్నాడా? లేదు. ముందు నీ దూలం తీసుకో, అప్పుడు ఎదుటివాడి నలుసు తియ్యటానికి చూపు తేటపడుతుందన్నాడు. అదే అధ్యాయంలో అబద్ధ ప్రవక్తల్ని వాళ్ల ఫలాల్ని బట్టి గుర్తుపట్టమన్నాడు. గుర్తుపట్టటం అంటే తూచటమే కదా. యోహాను సువార్తలో పైపై చూపుతో కాకుండా న్యాయంగా తీర్పు తీర్చమన్నదీ ఆయనే. ఏ కొలతతో కొలిస్తే ఆ కొలతే మనకీ దక్కుతుందన్నదీ ఆయనే. కాబట్టి ఆయన వద్దన్నది కుంచాన్ని కాదు. రెండో కుంచాన్ని. మనిషి మనసులో దూరి, వీడు నరకానికి పోయేవాడని తేల్చెయ్యటం మన పని కాదు. వీడు బడి గోడకి వచ్చిన సిమెంటు తన ఇంటికి తోలుకున్నాడా లేదా అని చూడటం మన పనే.

ఇంకో అభ్యంతరం చదువుకున్నవాళ్లు చెబుతారు. నాయకుడి సొంత బతుకుతో మనకేం పని, రోడ్డు వేశాడా లేదా అదొక్కటే చూడాలంటారు. ఇందులో కొంత నిజముంది. ఎవరింటి కిటికీలోంచీ తొంగి చూడకూడదు. నీలాపనిందలు మోసుకు తిరగకూడదు. అది కూడా పాపమే. కానీ మనిషి రెండు ముక్కలు కాడు. ఇంట్లో ఒకడు, కచేరీలో ఒకడు ఉండడు. సంఘంలో పెద్దగా ఉండేవాడు ముందు తన ఇల్లు చక్కగా నడుపుకోవాలని పౌలు తిమోతికి రాశాడు. ఇది మూఢాచారం కాదు. అనుభవం మీద నిలబడ్డ మాట. పెళ్లి అంటే ఏమిటి? నలుగురు సాక్షుల ముందు దేవుని పేరు మీద చేసిన ప్రమాణం. పదవి అంటే ఏమిటి? అదీ నలుగురి ముందు చేసిన ప్రమాణమే. మొదటి ప్రమాణం తనకి అడ్డం వచ్చినప్పుడు తుంచేసినవాడు, రెండోది అడ్డం వచ్చినప్పుడు ఉంచుతాడని ఏం భరోసా? కట్నం కోసం భార్యని కొట్టాడని రుజువైనవాడు రేపు ఆడవాళ్ల ఫిర్యాదు ఏ చెవితో వింటాడు? అందుకని నలుగురికీ తెలిసిన, రుజువున్న నడత కుంచంలోకి వస్తుంది. గుసగుస రాదు. ఈ గీత కూడా అందరికీ ఒకటే. గిట్టనివాడి గుసగుసని సాక్ష్యం అనకూడదు. మనవాడి రుజువైన తప్పుని సొంత విషయం అనకూడదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఇంకోటుంది. మనం కొద్దిమందిమి, మన నాయకుణ్ణి మనమే వేలెత్తి చూపితే ఎదుటివాళ్లకి అలుసవుతాం అంటారు. ప్రతి మతంలోనూ, ప్రతి కులంలోనూ, ప్రతి పార్టీలోనూ ఈ మాట వినబడుతుంది. దీనికి మన దేశ చరిత్రలోనే మంచి జవాబుంది. బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన 1935 చట్టం కింద భారతీయ క్రైస్తవులకి వేరే నియోజకవర్గాలుండేవి. తర్వాత రాజ్యాంగ సభలో అల్పసంఖ్యాకుల ఉపసంఘానికి అధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ. ఆయన బెంగాలీ క్రైస్తవుడు. ఆ సభకే ఉపాధ్యక్షుడు కూడా. మతాన్ని బట్టి సీట్లు కేటాయించే పద్ధతిని 1949 మేలో వదులుకున్నప్పుడు, క్రైస్తవ ప్రతినిధులు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. తోటి పౌరుల మంచితనాన్ని నమ్మారు. అది గుడ్డి నమ్మకమా? కాదు. ఆ నమ్మకం పక్కనే మత స్వేచ్ఛ ప్రాథమిక హక్కుగా రాజ్యాంగంలో రాసి ఉంది. నమ్మకమూ ఉంది, రాత కాగితమూ ఉంది. కానుకల సంచి పక్కన ఇద్దరి సంతకాల పుస్తకం ఉన్నట్టు. ఆ పెద్దలు క్రైస్తవుణ్ణి క్రైస్తవుడి ఓటుతోనే గెలిపించాలనే ఆలోచన వదులుకున్నారు. మరి మనం ఇవాళ అభ్యర్థి మెడలో సిలువ ఉందో, నుదుట బొట్టుందో చూసి ఓటేస్తే, ఆ పెద్దలు మూసేసిన దారిని మళ్లీ తెరిచినట్టు కాదా? తప్పు చేసిన మనవాణ్ణి వెనకేసుకు రావటం వల్ల మన పరువు నిలవదు. దేవుని తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందని పేతురు రాశాడు. సంఘం స్థలాలు, సంఘం సొమ్ము విషయంలో ముందు మన లెక్క మనం బయటపెట్టుకుంటేనే, పంచాయతీ లెక్క అడగటానికి మనకి నోరుంటుంది.

మరి క్షమాపణ సంగతేమిటి? పశ్చాత్తాపపడితే క్షమించాలి కదా? తప్పకుండా క్షమించాలి. కానీ క్షమించటం వేరు, ఇనప్పెట్టె తాళం మళ్లీ చేతికివ్వటం వేరు. దావీదు తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త ఆయన రాజు కదా అని ఊరుకోలేదు. కథ చెప్పి ఆయన నోటితోనే తీర్పు చెప్పించాడు. ఆ కథలో నాతాను చేసింది కూడా పేరు మార్చటమే. గొర్రెపిల్లని దోచుకున్న ధనవంతుడు ఎవరో అనుకున్నంతసేపు దావీదు మండిపడ్డాడు. ఆ మనిషివి నువ్వే అని తెలిశాక కూలిపోయాడు. దేవుడు క్షమించాడు. అయినా ఆ పని ఫలితం ఆ ఇంట్లోంచి పోలేదు. పన్నుల గుత్తదారు జక్కయ్య మారాడు. మారాక ఏం చేశాడు? అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మారానని మైకు ముందు చెప్పటం కాదు, తిన్నది కక్కటం మారటానికి గుర్తు. తిరిగిచ్చినవాణ్ణి అక్కున చేర్చుకుందాం. తిరిగివ్వకుండా కన్నీళ్లు పెట్టుకున్నవాడి కోసం ప్రార్థన చేద్దాం. తాళం మాత్రం ఇంకొకరి దగ్గర ఉంచుదాం.

చివరి అభ్యంతరం అలసిపోయినవాళ్లది. అందరూ దొంగలే, ఎవరిని తూచి ఏం లాభం అంటారు. వింటే ఇది తెలివైన మాటలా ఉంటుంది. నిజానికి ఇది కూడా తప్పుడు కుంచమే. మంచివాణ్ణీ చెడ్డవాణ్ణీ ఒకే లెక్కలో కట్టేస్తుంది. అందరూ దొంగలే అనే మాట వల్ల లాభపడేది దొంగే. నష్టపోయేది నిజాయితీగా ఉన్న ఒకరిద్దరు. సమూయేలు ముసలితనంలో ప్రజల ముందు నిలబడి లెక్క అడగమన్నాడు. నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా, చెప్పండి అన్నాడు. నువ్వు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదని ప్రజలు సాక్ష్యం పలికారు. ఆ సాక్ష్యం పలకటం కూడా తీర్పే. మంచిని మంచి అనటం మానేసిన ఊళ్లో మంచివాడు ఎంతకాలం నిలుస్తాడు? ఇంకో మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. ఓటుకి నోటు పుచ్చుకున్నవాడు అందరూ దొంగలే అనటానికి అర్హుడు కాదు. లంచం కళ్లున్నవాణ్ణి కూడా గుడ్డివాణ్ణి చేస్తుందని ధర్మశాస్త్రం అంటుంది. ఇచ్చినవాడి సంగతి అలా ఉంచండి. పుచ్చుకున్న చెయ్యి రేపు లెక్క అడగటానికి పైకి లేవదు. కుంచాన్ని ముందే అమ్ముకున్నవాడు గింజలు తగ్గాయని ఎవరితో చెబుతాడు?

శ్రోతలారా, చెప్పినదంతా ఒక్క మాటలో మళ్లీ చెప్పుకుందాం. నమ్మకం మంచిదే, లెక్క కూడా మంచిదే. ఒకటి రెండోదానికి కాపలా. ఎవరినైనా తూచేముందు రెండు వైపులా వినాలి. పనిని తూచాలి, మనసుని దేవుడికి వదలాలి. పేరు మార్చి చూడాలి. ఈసారి గ్రామసభకి దండోరా వేసినప్పుడు ఒక పని చేసి చూడండి. మీరు ఓటేసి గెలిపించినవాణ్ణే ఒక ప్రశ్న అడగండి. ఓడించాలనుకున్నవాణ్ణి ఎలా అడిగేవాళ్లో అలాగే అడగండి. గొంతు పెంచకుండా, మర్యాద తగ్గకుండా. బాబూ, మా వీధి కాలవకి వచ్చిన డబ్బు ఎంత, ఖర్చయింది ఎంత? అంతే చాలు. ఆయన నిజాయితీపరుడైతే పుస్తకం తెరుస్తాడు, ఆయన మీద మీ నమ్మకం రెట్టింపవుతుంది. ఆ మర్నాడు మీకు గిట్టనివాడు చేసిన మంచి పని ఏదైనా ఉంటే, దాన్ని నలుగురిలో మంచి అని చెప్పండి. ఈ రెండు పనుల్లో మొదటిది కష్టం. రెండోది ఇంకా కష్టం. రెండూ చెయ్యగలిగిన రోజున, మీ ఇంట్లో కుంచం ఒక్కటే మిగిలిందని మీకే తెలుస్తుంది.